సమాధి గదికి కాపలా ఎవరిని పెట్టాలి? డీ అండ్ డీ డీఎంలకు అన్‌డెడ్ కాపలాదారుల పోలిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆటకి మీరు డీఎం, అంటే కథ నడిపేవాళ్ళు. మ్యాప్ గీశారు. మెట్లు దిగితే పొడవాటి నడవ, నడవ చివర రాతి తలుపు, తలుపు అవతల సమాధి గది, గది మధ్యలో పెట్టె. ఆ పెట్టెకీ మీ పార్టీకీ (ఆటగాళ్ళ పాత్రల జట్టుకీ) మధ్య ఎవరు నిలబడాలి అన్న దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఆటలోని జీవుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్ తిరగేస్తే అన్‌డెడ్‌లు, అంటే చచ్చాక కూడా తిరిగేవి, అస్థిపంజరం మొదలుకొని మమ్మీ లార్డ్ దాకా చాలా కనిపిస్తాయి. ఏది చూసినా ఇదే బాగుందనిపిస్తుంది.

ఆదివారాలు మా ఇంట్లో ఆట నడుపుతాను. మొదట్లో నేనూ అందరిలాగే పార్టీ లెవెల్ ఎంత, ఛాలెంజ్ రేటింగ్ (ఎదుటిది ఎంత గట్టిదో చెప్పే అంకె) ఎంత అని చూసి దగ్గరగా ఉన్నదాన్ని పెట్టేసేవాణ్ణి. అడవి దారిలో ఎదురయ్యే తోడేళ్ళకి ఆ లెక్క చాలు, కాపలాదారుకి చాలదు. తోడేలు ఆకలితో వస్తుంది, చంపాలని చూస్తుంది. కాపలాదారు పని చంపడం కాదు, ఆపడం. అందుకని నేనిప్పుడు రెండు ప్రశ్నలతో మొదలుపెడతాను. పార్టీ వెనక్కి తగ్గితే అది ఏం చేస్తుంది? అది ఓడిపోయాక ఏం జరుగుతుంది?

కింద ఉన్న అంకెలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ మాన్‌స్టర్ మాన్యువల్‌వి. 2025లో వచ్చిన కొత్త మాన్యువల్ మీ దగ్గరుంటే కొన్నిచోట్ల తేడా ఉంటుంది, ఆడే ముందు ఒకసారి సరిచూసుకోండి. పుస్తకం కొనకుండా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసిన 5.1 నియమావళి ఉచితం. అందులో అస్థిపంజరం, జాంబీ, వైట్ (చచ్చి లేచిన సైనికుడు), మమ్మీ, ఘోస్ట్, మమ్మీ లార్డ్ ఉన్నాయి. ఫ్లేమ్‌స్కల్ (మంటలో ఎగిరే పుర్రె), బోన్ నాగ (ఎముకల పాము) లేవు.

## ముందు చూసుకోవాల్సినవి

వెనక్కి తగ్గే వీలు. మామూలు మనిషి పాత్ర వేగం 30 అడుగులు. కాపలాదారు వేగం 20 అయితే పార్టీ ఎప్పుడైనా తప్పించుకోగలదు, రేపు కొత్త ప్లాన్‌తో మళ్ళీ రాగలదు. 40 అడుగుల వేగంతో ఎగిరేదైతే ఆ వీలు లేదు. అలాంటిదాన్ని పెట్టినప్పుడు అది ఎంతదూరం తరుముతుందో మీరే ముందుగా గీత గీసుకోవాలి.

ఓడాక ఏమవుతుంది. కొన్ని ఒకసారి పడితే అంతే. కొన్ని గంటలో లేస్తాయి, కొన్ని మర్నాడు లేస్తాయి. ఈ ఒక్క లక్షణమే ఒక పోరాటాన్ని పజిల్‌గా మార్చేస్తుంది.

పార్టీ చేతిలో ఏముంది. క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఉంటే రెండో లెవెల్ నుంచి టర్న్ అన్‌డెడ్, అంటే అన్‌డెడ్‌ని తరిమే శక్తి, వస్తుంది. ఐదో లెవెల్‌కి వచ్చేసరికి ఛాలెంజ్ రేటింగ్ 1/2, అంతకన్నా తక్కువవి సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే డైస్) తప్పితే అక్కడికక్కడే నాశనం. మంట మంత్రాలు ఎవరికున్నాయి, వెండి ఆయుధమో మంత్రశక్తి ఉన్న ఆయుధమో ఎవరి దగ్గరుంది అన్నవి కూడా కాగితం మీద రాసుకోండి.

మాటలు కలుస్తాయా. మీ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళు కత్తి తీసేముందు మాట్లాడి చూసే రకమైతే, మాట్లాడలేని కాపలాదారుని పెట్టడం వాళ్ళ ముందు భోజనం పెట్టి చేతులు కట్టేసినట్టే.

| కాపలాదారు | ఛాలెంజ్ రేటింగ్ | ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్‌తో చేరాల్సిన అంకె) | హిట్ పాయింట్లు (ప్రాణం) | వేగం (అడుగులు) | మంట తగిలితే | నాశనమయ్యాక |
|---|---|---|---|---|---|---|
| అస్థిపంజరం | 1/4 | 13 | 13 | 30 | మామూలు దెబ్బ | అంతే |
| వైట్ | 3 | 14 | 45 | 30 | మామూలు దెబ్బ | అంతే |
| మమ్మీ | 3 | 11 | 58 | 20 | రెట్టింపు దెబ్బ | పడిపోతుంది, శాపం మిగులుతుంది |
| ఫ్లేమ్‌స్కల్ | 4 | 13 | 40 | ఎగిరితే 40 | ఏమీ కాదు | గంటలో లేస్తుంది |
| ఘోస్ట్ | 4 | 11 | 45 | ఎగిరితే 40 | సగం దెబ్బ | మీ కథను బట్టి |
| బోన్ నాగ | 4 | 15 | 58 | 30 | మామూలు దెబ్బ | అంతే |
| మమ్మీ లార్డ్ | 15 | 17 | 97 | 20 | రెట్టింపు దెబ్బ | గుండె ఉంటే 24 గంటల్లో లేస్తుంది |

## అస్థిపంజరాలు

చవక, తేలిక, మొదటి రెండు లెవెల్స్‌కి సరిగ్గా సరిపోతాయి. వీటి గొప్పదనం దెబ్బలో లేదు, విధేయతలో ఉంది. ఇచ్చిన ఆజ్ఞని అక్షరాలా పాటిస్తాయి. "ఈ గీత దాటినవాణ్ణి కొట్టు" అని చెప్పి పెట్టారనుకోండి, గీతకి అవతల నిలబడి ఎవరు ఎంత తిట్టినా కదలవు. ఆటగాళ్ళు ఆ సంగతి కనిపెట్టే క్షణం చూడాలి. ఒకడు నెమ్మదిగా కాలు ముందుకి పెట్టి, పుర్రెలన్నీ ఒక్కసారి తన వైపు తిరగ్గానే కాలు వెనక్కి లాక్కుంటాడు. అక్కణ్ణుంచి అది యుద్ధం కాదు, ఆలోచన.

లెక్క మాత్రం జాగ్రత్త. నలుగురున్న మొదటి లెవెల్ పార్టీకి రెండు అస్థిపంజరాలు తేలిక, మూడైతే కష్టం, నాలుగైతే ప్రాణాంతకం. సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం కూడా గుణించుకుంటూ పోతుంది. వాటి దగ్గర విల్లు కూడా ఉంటుందని మర్చిపోవద్దు, పారిపోయేవాళ్ళ వీపు మీద బాణాలు పడతాయి. గద, సుత్తి లాంటి మొద్దు ఆయుధాలకి రెట్టింపు దెబ్బ తింటాయి కాబట్టి గదిలో ఒక మూల విరిగిన రాతి రోకలి లాంటిదేదైనా పడేసి ఉంచండి.

ఐదో లెవెల్ క్లెరిక్ ఉన్న పార్టీకి ఇవి పనికిరావు. ఆ క్లెరిక్ ఒక్కసారి చెయ్యెత్తితే సగం వరస పొడి అయిపోతుంది. అప్పటికి మినోటార్ (ఎద్దు తల మనిషి) అస్థిపంజరానికి మారండి. ఛాలెంజ్ రేటింగ్ 2, హిట్ పాయింట్లు 67, ఎదురుగా పరుగెత్తి వచ్చి కుమ్ముతుంది. పొడవాటి నడవ ఉన్న మ్యాప్‌కి ఇంతకన్నా మంచిది దొరకదు.

## మమ్మీ

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాపలాదారు ఇదే, కారణం దాని నడక. 20 అడుగుల వేగం. పార్టీ ఎప్పుడైనా పారిపోవచ్చు, అది మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. భయం వేగం వల్లే పుట్టదని మమ్మీని నడిపితే తెలుస్తుంది. దాని చూపుకి సేవింగ్ త్రో తప్పితే భయం పట్టుకుంటుంది, 5 లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో తప్పితే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి. అందుకే నెమ్మదిగా వచ్చేది కూడా చేరుకుంటుంది.

దాని పిడికిలి తగిలితే మమ్మీ రాట్ అంటుకోవచ్చు. ఆ శాపం పట్టినవాడికి హిట్ పాయింట్లు తిరిగి రావు, ప్రతి 24 గంటలకీ గరిష్ఠ హిట్ పాయింట్లలో 3డీ6 (మూడు ఆరుముఖాల డైస్ మొత్తం) చొప్పున తగ్గుతూ పోతాయి. సున్నాకి చేరితే ఒళ్ళంతా ధూళి. విడిపించేది రిమూవ్ కర్స్ లాంటి మంత్రం. అది మూడో స్థాయి మంత్రం, క్లెరిక్‌కి ఐదో లెవెల్‌లో గానీ రాదు. అసలు చిక్కు ఇక్కడే. ఛాలెంజ్ రేటింగ్ చూస్తే నలుగురు మూడో లెవెల్ వాళ్ళకి ఒక మమ్మీ మధ్యస్థమైన పోరాటం. కానీ ఆ మూడో లెవెల్ వాళ్ళ దగ్గర విరుగుడు ఉండదు.

ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెబుతాను. మూడో లెవెల్ పార్టీకి మమ్మీని పెట్టాను. గెలిచారు, సంబరపడ్డారు. ఫైటర్‌కి మాత్రం శాపం అంటుకుంది. గరిష్ఠం 28. దగ్గర్లోని గుడి నా మ్యాప్ మీద దాదాపు మూడు రోజుల దూరం, అది గీసిన రోజున ఈ సంగతే తట్టలేదు. మొదటి తెల్లవారి డైస్ వేస్తే 11, మిగిలింది 17. రెండో తెల్లవారి 9, మిగిలింది 8. ఆ పాత్ర ఆడుతున్న అబ్బాయి పెన్సిల్‌తో పాత అంకె కొట్టేసి 8 అని రాస్తుంటే టేబుల్ దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు. మూడో తెల్లవారేలోపు గుడి మెట్లు ఎక్కారు. ఇప్పటికీ మా వాళ్ళు చెప్పుకునే ప్రయాణం అది. కానీ గుడి ఇంకో రోజు దూరం ఉండి ఉంటే నా నిర్లక్ష్యం వల్ల ఒక పాత్ర పోయేది. కాబట్టి మమ్మీని పెట్టేముందు విరుగుడు ఎక్కడుందో, ఎంత దూరమో, ఎంత అడుగుతారో రాసుకోండి. పెట్టెలోనే ఒక రిమూవ్ కర్స్ స్క్రోల్ పెట్టినా తప్పు లేదు.

రెండో చిక్కు మంట. ఫైర్ బోల్ట్ అనే మంట మంత్రం సగటు దెబ్బ ఐదున్నర, మమ్మీకి తగిలితే 11. ఇద్దరు మంత్రగాళ్ళు కలిస్తే మూడు రౌండ్లలో అయిపోతుంది. దీనికి నేను వాడే ఉపాయం ఒకటుంది. మమ్మీ కాపలా కాసేది బంగారాన్ని కాకుండా పాత పపైరస్ చుట్టల్ని చేయండి. గది నిండా ఎండిన కట్టలు, వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన రహస్యం ఆ కట్టల్లోనే ఎక్కడో ఉంది. చేతిలో మంట ఉంది, వేయడానికి మాత్రం మనసొప్పదు. మమ్మీ బలహీనతని తగ్గించకుండానే పోరాటం బిగుసుకుంటుంది.

మమ్మీ శాపం అనగానే పురాతన ఈజిప్టు నుంచి వచ్చిన భయం అనుకుంటాం గానీ, అది ఇంతగా పాకడానికి ఒక పెద్ద కారణం ఇరవయ్యో శతాబ్దపు పత్రికలు. హోవార్డ్ కార్టర్ బృందానికి టూటన్‌ఖామున్ సమాధి 1922 నవంబరులో దొరికింది. తవ్వకానికి డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో కైరోలో చనిపోగానే శాపం కథ ఊపందుకుంది. కార్టర్ మాత్రం 1939 దాకా బతికాడు. మీ ఆటలో కూడా శాపం గురించి ఊళ్ళో ముందే పుకార్లు పుట్టించండి, సగం నిజం సగం అబద్ధం.

## ఫ్లేమ్‌స్కల్

పచ్చటి మంటలో ఎగిరే పుర్రె. చనిపోయిన మంత్రగాడి అవశేషాలతో కావాలని తయారుచేసిన కాపలాదారు. మన కొరివి దయ్యం కథలు విన్నవాళ్ళకి చీకట్లో దూరంగా కదిలే మంట అంటే వేరే వర్ణన అక్కర్లేదు, "నడవ చివర ఏదో వెలుగుతోంది, అది కదులుతోంది" అంటే చాలు.

ఇది తెలివైనది, మాట్లాడుతుంది, పైగా ఫైర్‌బాల్ అనే పేలే మంట మంత్రం వేస్తుంది. 8డీ6, సగటున 28. మూడో లెవెల్ విజార్డ్ (మంత్రగాడు) దగ్గర దాదాపు 20 హిట్ పాయింట్లు ఉంటాయి. మొదటి లెవెల్ వాడి దగ్గర 8, వాడు స్పృహ తప్పడం కూడా ఉండదు, అక్కడే చనిపోతాడు. కాగితం మీద లెక్క ప్రకారం నలుగురు మూడో లెవెల్ వాళ్ళకి ఇది కష్టమైన పోరాటం మాత్రమే. నిజానికి ఇరుకు నడవలో మొదటి రౌండ్‌లోనే ఆట ముగిసిపోవచ్చు. నా సలహా, ఐదో లెవెల్ లోపు వాడొద్దు. తప్పనిసరైతే ఫైర్‌బాల్ తీసేసి వాడండి.

దీని అసలు అందం ఓడాక. గంటలో మళ్ళీ లేస్తుంది. ముక్కల మీద పవిత్ర జలం చల్లితేనో, డిస్పెల్ మ్యాజిక్ లేదా రిమూవ్ కర్స్ మంత్రం వేస్తేనో తప్ప ఆగదు. షార్ట్ రెస్ట్, అంటే పార్టీ తీసుకునే చిన్న విశ్రాంతి, కూడా కనీసం గంట.

మా పార్టీ దాన్ని పగలగొట్టి, అదే గదిలో షార్ట్ రెస్ట్ అన్నారు. నేను సరేనన్నాను. అందరం లేచి టీ పెట్టుకున్నాం. గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చి కూర్చున్నాక చెప్పాను: "గంట గడిచింది. నేల మీద ఎముక ముక్కలు ఒకదాని పక్కకి ఒకటి జరుగుతున్నాయి." క్లెరిక్ ఆడే అమ్మాయి గ్లాసు కింద పెట్టి తన సామాన్ల జాబితా వెతికింది. మొదటి ఆదివారం కొన్న పవిత్ర జలం సీసా అలాగే ఉంది. తలుపు మీద "నీళ్ళు లేనివాడు ఇక్కడ నిద్రపోకూడదు" అని చెక్కి ఉందని వాళ్ళు గంటన్నర ముందు చదివారు కూడా. అందుకే ఎవరూ మోసపోయామని అనుకోలేదు. ఆ వాక్యం లేకపోతే తప్పకుండా అనుకునేవాళ్ళు. ఫ్లేమ్‌స్కల్ పెడితే ఆ సూచన ఏదో ఒక రూపంలో ఉండి తీరాలి.

ఒక చిన్న సంగతి: లేచినప్పుడు హిట్ పాయింట్లు మాత్రమే తిరిగొస్తాయి. వాడేసిన ఫైర్‌బాల్ గంటలో రాదు.

## వైట్

బుద్ధి ఉన్న సైనికుడు. కత్తి, పొడవు విల్లు రెండూ వాడతాడు. అతని స్పర్శ మీ గరిష్ఠ హిట్ పాయింట్లని తగ్గిస్తుంది, అది లాంగ్ రెస్ట్ (రాత్రంతా విశ్రాంతి) దాకా తిరిగి రాదు. ఆ స్పర్శతో చనిపోయిన మనిషి 24 గంటల తర్వాత జాంబీగా లేచి అతని అదుపులో ఉంటాడు, ఒకేసారి పన్నెండు మంది దాకా. అంటే ఈ సమాధికి వచ్చి చనిపోయిన దొంగలే ఇప్పుడు కాపలావాళ్ళు. ఒక్కో జాంబీకి ఒక్కో కాలం బట్టలు తొడిగించండి. ఒకడి నడుముకి మీ పార్టీ వెతుకుతున్న తప్పిపోయిన వర్తకుడి సంచి ఉందనుకోండి, పోరాటం మధ్యలో గది నిశ్శబ్దమైపోతుంది.

పాత ఐస్‌లాండ్ గాథల్లో మట్టిదిబ్బ కింద తన నిధిని తానే కాచుకునే శవం ఉంటుంది, వీరుడు దిబ్బ తవ్వి లోపలికి దిగి దానితో కలబడతాడు. వైట్‌ని ఆ తీరులో పెడితే చక్కగా కుదురుతుంది. ఒక వైట్, నాలుగు జాంబీలు కలిస్తే నలుగురు మూడో లెవెల్ వాళ్ళకి ప్రాణాంతకం, నాలుగో లెవెల్‌కి కష్టం. వెండి గానీ మంత్రశక్తి గానీ లేని ఆయుధాలతో సగం దెబ్బే పడుతుందని లెక్కలో వేసుకోండి.

## ఘోస్ట్

మాటలకి ఇదే మేలు. దానికి తీరని పని ఏదో మిగిలి ఉంటుంది, కాపలా ఆ పనిలో భాగం. కత్తితో పోగొట్టొచ్చు, పని తీర్చి పంపించొచ్చు. మాన్యువల్‌లో మళ్ళీ లేచే నియమం లేదు. నేను మాత్రం కత్తికి పడితే మర్నాటి రాత్రి తిరిగొస్తుందనీ, పని తీరితేనే వెళ్ళిపోతుందనీ పెట్టుకుంటాను.

రెండు విషయాల్లో ముందే మాట్లాడుకోవాలి. మొదటిది, దాని భయంకర రూపం చూసి సేవింగ్ త్రో 5 లేదా ఎక్కువ తేడాతో తప్పితే పాత్ర వయసు 10 నుంచి 40 ఏళ్ళు పెరిగిపోతుంది. ముప్ఫై ఏళ్ళ పాత్ర ఒక్క చూపుతో డెబ్బైకి చేరొచ్చు. అది తిరిగి తగ్గాలంటే 24 గంటల్లోపు గ్రేటర్ రెస్టొరేషన్ మంత్రం పడాలి, అది క్లెరిక్‌కి తొమ్మిదో లెవెల్‌లో వస్తుంది. రెండోది, ఘోస్ట్ పాత్రలోకి దూరి ఆవహిస్తుంది. తన పాత్ర తన చేతిలో లేకపోవడం కొందరికి సరదా, కొందరికి అస్సలు నచ్చదు. ఆట మొదలయ్యే ముందే అడగండి, ఎవరైనా వద్దంటే ఆ శక్తిని తీసేయండి. ఘోస్ట్‌కి ఏమీ తక్కువ కాదు.

## బోన్ నాగ, మమ్మీ లార్డ్

లంకెబిందెలకి నాగుపాము కాపలా ఉంటుందన్న మాట చిన్నప్పుడు వినని తెలుగువాళ్ళు తక్కువ. అందుకే తెలుగు టేబుల్ దగ్గర బోన్ నాగకి వివరణ అక్కర్లేదు. బతికున్నప్పుడు అది ఏ రకం నాగ అన్నదాన్ని బట్టి మంత్రాలు మారతాయి: కాపలా జాతిదైతే హోల్డ్ పర్సన్ (కదలకుండా బిగించేది), బెస్టో కర్స్ (శపించేది) లాంటివి, దుష్ట జాతిదైతే లైట్నింగ్ బోల్ట్ (మెరుపు దెబ్బ). మొదటిదే ఎంచుకోండి. ఆపడం దాని స్వభావం, పైగా లైట్నింగ్ బోల్ట్ కూడా ఫైర్‌బాల్ అంత దెబ్బే కొడుతుంది.

మమ్మీ లార్డ్ ఒక గదికి కాపలా కాదు, ఒక క్యాంపెయిన్‌కి, అంటే చాలా వారాలు సాగే కథకి, కాపలా. గుండె వేరేచోట దాచి ఉంటుంది, దాన్ని కాల్చేదాకా రోజుకోసారి లేస్తాడు. పదో లెవెల్ దాటిన పార్టీ, వరసగా కొన్ని ఆదివారాలు రాగల ఆటగాళ్ళు ఉంటేనే మొదలుపెట్టండి.

## మీ టేబుల్‌కి ఏది

మొదటిసారి డీఎంగా కూర్చుంటున్నారా? రెండు అస్థిపంజరాలు, నేల మీద ఒక గీత. ఇంకేమీ కలపొద్దు. పిల్లలతో ఆడుతున్నా ఇదే నా సలహా.

ఒక్క మధ్యాహ్నంలో ముగిసే ఆటైతే మమ్మీ వద్దు, శాపం విలువ తెలియడానికి రోజులు గడవాలి. ఐదో లెవెల్ పాత్రలిచ్చి ఫ్లేమ్‌స్కల్ పెట్టండి, గంట గడియారం మధ్యాహ్నంలో ఇమిడిపోతుంది. వారం వారం నడిచే ఆటైతే మమ్మీని మించింది లేదు, విరుగుడుకి దారి గీసి ఉంటే.

పార్టీలో క్లెరిక్ లేకపోతే ఫ్లేమ్‌స్కల్ పెట్టే ముందు ఊరి గుడిలో పవిత్ర జలం దొరికేలా చూడండి, సీసా 25 బంగారు నాణేలు. డబ్బు లేని పార్టీకైతే దారిలో చనిపోయిన యాత్రికుడి సంచిలో ఒకటి ఉంచండి. యుద్ధం మీదే ఆసక్తి ఉన్నవాళ్ళకి వైట్, అతని జాంబీలు. మాటకారులకి ఘోస్ట్. ఇద్దరు ఇలా ఇద్దరు అలా ఉన్న టేబుల్‌కి నేనైతే బోన్ నాగ పెడతాను. మాట్లాడుతుంది, బేరం ఆడుతుంది, బేరం చెడితే కరుస్తుంది.

ఎంచుకున్నాక మ్యాప్ దగ్గరికి తిరిగి రండి. తలుపుకి ఇవతలి వైపు, నడవ గోడ మీద, పార్టీకి ముందుగా కనిపించేదేమిటో ఒక్క వాక్యం రాయండి: బూజు పట్టని గీత, కాలిన రాయి, కింద పడిన పాత చెప్పు. ఆ వాక్యం రాయడం కుదరకపోతే కాపలాదారు ఆ గదికి ఇంకా సరిపడలేదన్నమాట, మార్చి చూడండి.